పెద్దావిడ గోరు

హస్త కార్తె

పొద్దున పాటుకు నీళ్ళు బాగా తీశాయి. కింద ఊరి రోడ్డు కనిపించింది. మధ్యలో తెల్లగీత ఇంకా చెరగలేదు. ఆ గీత పక్కనే చేపపిల్లలు బారుగా, ఎవరో దారి చెప్పినట్టు, ఉత్తరానికి పోతున్నాయి.

తాళ్ళు చూసుకున్నాను. మా తేలే ఊరు పైలంకకు నాలుగు తాళ్ళు. రెండు కింద ఊరి నీళ్ళట్యాంకుకు, ఒకటి సెల్ టవరుకు, ఒకటి తుపాను షెల్టరు పిట్టగోడకు కట్టి ఉన్నాయి. పోటుకు వదలాలి, పాటుకు బిగించాలి. ఇళ్ళన్నీ పీపాల మీద తేలుతుంటాయి కాబట్టి ఈ పని మరిచిపోతే ఊరు తెల్లారేసరికి ఇంకెక్కడో ఉంటుంది.

తరవాత ఎండబల్ల దగ్గరికి వెళ్ళాను. ఊరికి తూర్పున, మడచెట్ల అంచున తేలే బల్ల అది. పైన ఆకురాయిలా గరుగ్గా ఉంటుంది. పెద్దావిడ ఎండ కాచుకోవడానికి ఎక్కినప్పుడూ దిగినప్పుడూ గోళ్ళు రాసుకుని పొడి రాలుతుంది. ఆ పొడిని కుంచెతో ఊడ్చి కొలపెట్టెలో గాజుపలక మీద వెయ్యడం నా ఉద్యోగం. మొసలి లోపల బెదురు ఎంత ఉంటే పలక రంగు అంత ముదురుతుంది. ఈ నీళ్ళ మీద అజమాయిషీ చేసే నీటి సభ కాగితాల్లో దాన్ని ఒత్తిడి అని రాస్తారు. మేం బెదురు అంటాం.

ఇవాళ లేత గులాబీ. మామూలే.

పెద్దావిడ అంటే ఈ మొసలే. ఈ నీళ్ళలో ఇంకా ఉన్నాయి గానీ మా ఇళ్ళ మధ్య తిరిగేది ఇదొక్కటే. కింద ఊరు మునిగిన కొత్తల్లో మాకంటే ముందే వచ్చింది. అందుకని పేరు పెట్టలేదు. మర్యాదగా పెద్దావిడ అంటాం.

పైలంకలో ఎవరు నీళ్ళలో కాలు పెట్టినా, కడవ ముంచినా ముందు గట్టిగా పేరు చెబుతారు. "నేను, మాణిక్యాన్ని, దిగుతన్నా." అలా చెప్పినవాళ్ళ జోలికి అది ఇంతవరకు రాలేదు. దానికి పేర్లు తెలుసో, గొంతులు తెలుసో ఎవరికీ తెలియదు. కొలత మనిషి మాత్రం పేరు చెప్పకూడదు. నా గొంతు పడితే కొలత చెడుతుందని నీటి సభ నియమం. ఈ పనిలో చేరాక నేను నీళ్ళ దగ్గర నోరు విప్పలేదు. ఊరంతా నన్ను గోళ్ళాయన అంటుంది. అసలు పేరు ఎవరికీ అవసరం పడలేదు.

మా అన్న బైరాగికి ఎడమచెయ్యి మోచేతి దాకానే ఉంది. చెయ్యి పోయిన పూట వల దించుతూ తాడు పళ్ళ మధ్య పట్టుకున్నాడు. పేరు చెప్పడానికి నోరు ఖాళీ లేదు. తప్పు తాడుది అంటాడు.

చిత్త కార్తె

పలక వంకాయ రంగుకు తిరిగింది. మళ్ళీ పొడి తెచ్చి చూశాను. అదే రంగు.

నీటి సభ నుంచి ఫిర్దౌస్ గారు పడవలో వచ్చారు. మా మీద కోపం ఉన్న మనిషి కాదు. మా వదిన మాణిక్యం పెట్టిన పీతల పులుసు తిని, బాగుందని చెప్పి, ఆ తరవాతే సంగతి చెప్పారు. ఏ నీళ్ళలో ముందునుంచీ ఉన్న జీవాలకు బెదురు పుడుతుందో ఆ నీళ్ళ మీద ఊరు ఉండకూడదు. వంకాయ రంగే హద్దు. మూల కార్తె ముగిసేలోగా రంగు దిగకపోతే తాళ్ళు విప్పి పైలంకను కట్ట వెనక మంచినీటి మడుగులోకి లాగుతారు.

మంచినీళ్ళలో మా పీతలు బతకవు. మాదే కాదు, సగం ఊరి బతుకు పీతలే. కింద పెట్టెల్లో వాటిని పెంచుతాం. పెట్టెలు తెరిచి చూడటం, మేత వెయ్యడం ఒంటిచేత్తో చెయ్యగలిగిన పనులు. మా అన్నకు ఇంకో పని రాదు. వచ్చినా ఇచ్చేవాళ్ళు లేరు.

ఆవిడ పడవ మడచెట్ల మలుపు తిరిగింది. తరవాత అందరూ ఒకేసారి మాట్లాడారు. చివరికి తేలింది ఏమిటంటే, మా గోలే పెద్దావిడకు పడటం లేదని. పిలుపులు, బిందెల మోత, మోటార్లు, మేకల మెడలో గంటలు, పొద్దస్తమానం ఆ పేర్లు చెప్పుకోవడం. మన ఇంట్లోకి ఎవరో వచ్చి రోజంతా వాళ్ళ పేర్లు చెబుతుంటే మనకు మాత్రం ఎలా ఉంటుందని చలపాయి అనే ముసలాయన అడిగాడు. అది సబబుగానే అనిపించింది. ఆవిడ ఇంట్లో మనమున్నాం, మనమే తగ్గి ఉండాలి అనుకున్నారు.

మా అన్న ఒక్కడు తల గోక్కున్నాడు. "పేరు చెప్పకపోతే ఏవవుద్దో నాకు తెలుసు గదా," అన్నాడు. కానీ ఊరి మాట కాదనలేదు.

స్వాతి కార్తె

ఊరు మెత్తబడింది. ఇంకో మాట దొరకడం లేదు.

బిందెల అడుగున గుడ్డలు కట్టారు. గంటలు విప్పారు. మోటార్లు ఆపి గెడలతో పడవలు నడుపుతున్నారు. గెడ నీటిలో దిగే చప్పుడు కూడా రాకుండా చివరకు కొబ్బరిపీచు చుట్టారు. మాటలన్నీ చేతులతోనే. పసిపిల్లలు ఏడిస్తే దుప్పట్లో చుట్టి ఇంటి మధ్యకు తీసుకుపోతున్నారు. పెద్దపిల్లలకు ఇది ఆటలా ఉంది. ఒక్కోసారి నాకూ అలాగే ఉంటుంది. పొద్దున్నే మంచులో ఇళ్ళు కదులుతుంటాయి, మనుషులు కదులుతుంటారు, ఏమీ వినపడదు. కింద ఊళ్ళో కూడా ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను.

ఆడవాళ్ళు కడవ ముంచేముందు పెదవులు కదుపుతున్నారు. పేరు లోపలే చెప్పుకుంటున్నారు. అలవాటు పోదు.

నీళ్ళలోకి ఎవరూ దిగడం లేదు. పీపాలకు పట్టిన గుల్లలు గీకడం మానేశారు. ఇళ్ళు కొంచెం బరువెక్కాయి.

పలక ఇంకా ముదిరింది.

విశాఖ కార్తె

చలపాయి మనవడి పెళ్ళి. పెళ్ళికూతురు కళ్యాణి ఉప్పుటేరు అవతలి తెప్పల ఊరి పిల్ల. ముహూర్తం మార్చడానికి పెద్దలు ఇష్టపడలేదు, చప్పుడు చెయ్యడానికీ ఇష్టపడలేదు. డోలు వాయించేవాడు డోలు మీద చేతులు ఆనించకుండా ఆడించాడు. సన్నాయి ఆయన ఊదకుండా వేళ్ళు కదిపాడు. తాళి కట్టే వేళకు గట్టిమేళం అని పంతులు చెయ్యెత్తాడు. ఊరంతా గుప్పిళ్ళు మూసి తెరిచారు. అన్ని చేతులు ఒకేసారి తెరుచుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అక్షింతలు నీళ్ళలో పడిన చప్పుడు మాత్రం వినపడింది. చిన్న వాన పడినట్టు.

పెళ్ళికూతురు ఏడ్చింది. బెంగో, భయమో తెలియలేదు. ఎవరూ అడగలేదు.

పెళ్ళి భోజనాల మధ్య మా కాళ్ళ కింద నేల కొంచెం లేచి దిగింది. పెద్దావిడ ఇళ్ళ కిందికి వచ్చింది. ముందెప్పుడూ అలా రాలేదు. పీపాలను ముక్కుతో తోసుకుంటూ ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయింది. విస్తళ్ళ ముందు కూర్చున్నవాళ్ళు ఒకరి తరవాత ఒకరు లేచి దిగారు. ఎవరూ అరవలేదు. అరవకూడదు కదా.

మర్నాడు వదిన పీతల పెట్టెల దగ్గర బిందె ముంచితే పెద్దావిడ లాగేసింది. తరవాత బిందె తేలుతూ దొరికింది. పక్కన పళ్ళు దిగిన బొక్కలు. వదిన చాలాసేపు ఆ బొక్కల్లో వేలు పెట్టి చూసుకుంది.

"మరిదీ," అంది లోగొంతుతో, "ఇది మనల్ని ఎరగనట్టు చేత్తంది."

అనూరాధ కార్తె

నేరేడుపండు రంగు. ఇంతకంటే ముదురు రంగు కొలపెట్టెలో లేదు.

సభకు కొలత పంపాను. తాళ్ళు విప్పే పడవలు మూల చివర్లో వస్తాయని జవాబు వచ్చింది.

ఊళ్ళో ఇంకేం తగ్గించుకోవాలో తెలియడం లేదు. దీపాలు ఆర్పేద్దాం అన్నారు కొందరు. వంటలో పోపు మానేద్దాం, ఆ వాసన పడదేమో అన్నారు. మానేశారు కూడా. చప్పిడి పప్పు తింటూ నిశ్శబ్దంగా కూర్చున్నాం. అన్న చేత్తో సైగ చేశాడు. అర్థం కాలేదని నేను తల ఊపాను. చెవి దగ్గరకొచ్చి, "ఇంతకంటే చచ్చిపోతే ఇంకా మర్యాదగా ఉంటదేవో," అన్నాడు. వదిన నవ్వాపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది.

పీతలను ఎండు సరుకు కింద అమ్మేద్దామా అని తరవాత ఇద్దరూ సైగలతో మాట్లాడుకున్నారు. నేను తాళ్ళు చూసుకోవడానికి వెళ్ళాను.

జ్యేష్ఠ కార్తె

ఇవాళ జరిగింది రాస్తాను.

వాకిట్లో ఎండలో వదిన అన్నకు గోళ్ళు తీస్తోంది. ఒంటిచెయ్యి మనిషి తన గోళ్ళు తాను తీసుకోలేడు. పెళ్ళయిన నాటి నుంచి కాకపోయినా, చెయ్యి పోయిన నాటి నుంచి ఆ పని వదినదే. ఆషాఢంలో వదిన గోరింటాకు పెట్టుకుంటుంది. డబ్బాలో పెంచిన చెట్టు. మిగిలిన ముద్ద అన్న వేళ్ళకు పూస్తుంది. మగాడికి గోరింటాకేవిటని ఊళ్ళో వెక్కిరిస్తే, ఒంటరిగా ఉన్న చెయ్యికి ఆ మాత్రం సింగారం ఉండనీయండి అంటాడు.

వదిన కత్తిరించిన ముక్క బల్ల మీద పడింది. చంద్రవంకలా, ఎర్రగా. గోరు మిగతాదంతా మామూలు రంగులో ఉంది. ఎరుపు చివరకు వచ్చేసింది.

అన్న దాన్ని వేలితో దూరంగా తోశాడు. "ఆషాఢం రాలిపోయింది," అన్నాడు.

నేను ఆ ముక్కను తీసుకుని చాలాసేపు చూశాను. ఏవిటని వదిన అడిగింది.  

గోరు మొదట్లో పుట్టి చివరకు జరుగుతుంది. చివర ఉన్నది ఇప్పటిది కాదు. పెద్దావిడ గోరు కూడా అంతే. ఎండబల్ల మీద రాలేది గోటి చివర. దాని గోరు మొదలు నుంచి చివరకు రావడానికి ఏడాది పైచిలుకు పడుతుంది. అది సభ పుస్తకంలోనే ఉంది, ఎప్పుడో చదివాను. అయినా ఇవాళ రాలిన పొడిని ఇవాళ్టి బెదురు అనే చూశాం. నేనూ, ఫిర్దౌస్ గారూ, ఊరంతా.

పలక మీద ఉన్నది నిరుటి బెదురు. నిరుడు ఈ రోజుల్లో పైలంక ఇక్కడ లేదు. ఉత్తర కార్తెలో తుపాను వస్తోందని మేమే తాళ్ళు విప్పుకుని కట్ట దగ్గరికి వెళ్ళాం. తిరిగి వచ్చేసరికి జ్యేష్ఠ సగం గడిచింది. ఆ కాలమంతా ఈ నీళ్ళ మీద మనుషులు లేరు.

ఇదంతా వాళ్ళిద్దరికీ గుసగుసగా చెప్పాను. వదిన కత్తెర పక్కన పెట్టింది.

"అయితే మనం లేనప్పుడా దానికి బెదురు?"

"అలాగే ఉంది. పొడి చూపిస్తే సభ నమ్మదు. పొడిలో ఏది ఎప్పటిదో తెలియదు. గోరు పొడుగునా ఒక పొర కావాలి. చివర నుంచి మొదలు దాకా."

"ఎవరిత్తారు?" అంది వదిన.

అన్న తన చేతిని వెనక్కీ ముందుకీ తిప్పి గోళ్ళు చూసుకున్నాడు. "నా చెయ్యి తీసుకుంది. ఓ గోటి పొర ఇయ్యదా?" అన్నాడు.

మూల కార్తె

చలి బాగా ఉన్న పొద్దు చూసుకున్నాం. చలికి మొసలి ఒళ్ళు తొందరగా కదలదు. మంచు మడచెట్ల మీంచి నీళ్ళ మీదికి దిగి ఉంది. పడవ ఎక్కడుందో, ఆకాశం ఎక్కడుందో తెలియడం లేదు. కింద తుపాను షెల్టరు మెట్లు కనిపించాయి. మెట్టు మెట్టుకూ ఒక పీత కూర్చుంది.

పొడుగు వెదురుకు చిన్న ఉలి కట్టి తెచ్చాను. మా లెక్క ఏమిటంటే, అన్న తల వైపు ఉండాలి, నేను తోక వైపు. పెద్దావిడకు మనిషి ఎక్కడున్నాడో తెలియాలి. తెలిస్తే అటే చూస్తుంది.

ఎండ తగలగానే అది బల్ల ఎక్కింది. వెనకకాలు ఒకటి బల్ల అంచు మీదుగా వేలాడుతోంది. అన్న తన పడవను దాని ముందుకు తీసుకెళ్ళి నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేను, బైరాగిని," అన్నాడు.

ఊళ్ళో మాట వినపడి చాలా రోజులైంది. మంచులో ఆ గొంతు అంత దూరం పోతుందని నేను అనుకోలేదు. వెనకాల ఇళ్ళల్లో తలుపులు తెరుచుకున్నాయి.

పెద్దావిడ కన్ను అతని మీదికి తిరిగింది. నోరు తెరవలేదు. తోక కదలలేదు.

"బైరాగిని. ఓ చెయ్యి నీ దగ్గరుంది. గుర్తుందా?" అని ఇంకా ఏదో మాట్లాడుతూ పోయాడు. పీతల సంగతి, వదిన పోపు మానేసిన సంగతి, చలపాయి దగ్గు సంగతి. మామూలుగా గట్టు మీద కూర్చుని చెప్పుకునే కబుర్లు. నేను పడవలో బోర్లా పడుకుని వెదురు ముందుకు తోశాను. ఉలి గోటి మీద ఆనింది. చివర నుంచి మొదలు దాకా ఒక పొర, ఉల్లిపొర కంటే కొంచెం మందం. పొర తెగలేదు. కాలు ఒక్కసారి వెనక్కి లాక్కుంది. అంతే.

 వెనక్కి వచ్చి పడవ కట్టాక అన్న కూర్చున్నాడు. ఒంటిచెయ్యి మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వదిన గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆవిడే పట్టుకుని తాగించింది.

మూల చివర

తాళ్ళు విప్పే పడవలు వచ్చాయి. ఫిర్దౌస్ గారు ముందు పడవలో ఉన్నారు. నేను పొరను గాజుపలక మీద పొడుగ్గా పరిచి ఆవిడ ముందు పెట్టాను.

రంగు చివర నుంచి పైకెక్కింది. చివర నేరేడు. మధ్యలో లేత గులాబీ, చాలా పొడుగునా. మళ్ళీ మొదట్లో, చర్మం పక్కన, సన్నగా వంకాయ.

ఆవిడ కళ్ళద్దాలు తీసి ఇంకా దగ్గరగా చూశారు. చివరది మేం లేని కాలం అని చెప్పాను. మధ్యది తిరిగొచ్చి మామూలుగా ఉన్న కాలం. మొదట్లోది ఎప్పటిదని అడిగారు. మేం నోరు మూసుకున్నప్పటిది అన్నాను. ఇంకా కొంత చర్మం లోపలే ఉండి ఉంటుంది.

"పొడి గోటిలో ఎక్కడిదో నేను కూడా ఆలోచించలేదండీ," అన్నారు ఫిర్దౌస్ గారు. ఆ తరవాత, "మీరంటే దానికి ఇష్టమని అంటారా?" అని అడిగారు.

అనలేను అన్నాను. మేం లేనప్పుడు సముద్రం వైపు నుంచి పెద్ద మగమొసలి వచ్చి ఉండొచ్చు. మా చప్పుడుకు అది ఇటు రాకపోవచ్చు. లేదా మేం కడిగిన చేపల నీళ్ళకు వచ్చే చిన్న చేపలు రాక ఆకలేసిందేమో. ఇప్పుడు చూస్తే, మనుషులు ఉన్నట్టే ఉండి వినపడకపోతే ఏ జంతువైనా పొంచి ఉన్నారనుకుంటుంది. బెదురు ఎంతో గోరు చెబుతుంది, ఎందుకో చెప్పదు.

వాకిట్లో నిలబడ్డ వదిన వింటూ ఉంది. "ప్రేమైతే నా బిందెకి బొక్కలు పడతాయా?" అంది.

ఫిర్దౌస్ గారు పడవలవాళ్ళతో మాట్లాడి వచ్చారు. తాళ్ళు ఇప్పుడు విప్పరు. వచ్చే మూల కార్తెలో మళ్ళీ ఇలాగే గోటి పొర తీసి చూస్తారు. మొదట్లోని వంకాయ అప్పటికి చివరి వైపు జరుగుతుంది. దాని వెనక ఏ రంగు వస్తుందో దాన్ని బట్టి ఊరు ఉంటుంది, లేకపోతే పోతుంది. ఇక పొడి కొలత అక్కర్లేదు. కొలత మనిషి నోరు మూసుకోనూ అక్కర్లేదు. ఏడాది పొడుగున్న గోటిలో ఒక్కడి గొంతు ఏ మూలకని అన్నారు.

వెళ్ళేముందు పీతల పులుసు ఉందా అని అడిగారు. పోపు వేసి పెట్టింది వదిన.

పూర్వాషాఢ కార్తె

మేకలకు గంటలు కట్టారు. మోటార్లు మొదట దగ్గి, తరవాత తిరిగాయి. మనుషుల గొంతులూ అంతే. ఇన్నాళ్ళూ వాడక బొంగురుపోయాయి.

పొద్దున పోటుకు ఆడవాళ్ళంతా వాకిళ్ళ అంచుకు వచ్చారు. నేను, మాణిక్యాన్ని. నేను, ఆదెమ్మని. ఇంటి నుంచి ఇంటికి పేర్లు పోతుంటే కొత్త పెళ్ళికూతురు కళ్యాణి దగ్గర ఆగిపోయాయి. ఆ పిల్ల వచ్చినప్పటి నుంచి ఊరు మూగదే. ఏం చెయ్యాలో తెలియక అత్త వైపు చూసింది. పేరు చెప్పు అంది అత్త, గట్టిగా చెప్పు, నీ గొంతు అది ఇంకా వినలేదు. ఆ పిల్ల చెప్పింది. మొదటిసారి గొంతు రాలేదు. రెండోసారి నీళ్ళ అవతలి మడచెట్లలోంచి కొంగలు లేచాయి.

పెద్దావిడ ఎండబల్ల మీద ఉంది.

పీపాల గుల్లలు గీకాల్సి ఉంది. ఇన్నాళ్ళ బరువు. నడుముకు తాడు కట్టుకుని వాకిలి చివరకు వచ్చాను. గీకుడు కత్తి పళ్ళ మధ్య పెట్టుకోబోతుంటే అన్న దాన్ని లాక్కుని తన చేత్తో పట్టుకున్నాడు.

"చెప్పి దిగరా," అన్నాడు.

బల్ల వైపు తిరిగాను. ఏళ్ళ తరబడి దాని గోటిపొడి ఊడ్చాను. ఒక్కసారీ చెప్పలేదు.

"నేను, పోతురాజుని. దిగుతన్నా."

పెద్దావిడ కదలలేదు. విన్నదో లేదో వచ్చే ఏడాది తెలుస్తుంది. నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి, తరవాత నడుం దాకా. చల్లగా ఉన్నాయి.